పంట క్యాలెండర్ వెంట కెమెరా: ఒక వరి పొలం, ఒక ఏడాది

ఈ ఫొటో ప్రాజెక్టులో పొలం ఒకటే, పంట వరి, కాలం ఒక వ్యవసాయ సంవత్సరం. వానకు ముందు పగుళ్లు తేలిన నేల దగ్గర మొదలైన పని, కోత తర్వాత కొయ్యకాళ్ల మధ్య పశువులు మేసేదాకా సాగింది. పొలం ఒక కుటుంబానిది. దాన్ని ఆనుకున్న కొంత నేలను కూడా వాళ్లే కౌలుకు చేస్తారు. నాట్లకు, కలుపుకు, కోతకు బయటినుంచి కూలీలు వస్తారు. ఏడాది చివర రెండు చేతికి రావాలని మొదట్లోనే అనుకున్నాం: ఆ కుటుంబం దగ్గర ఉండిపోయే అచ్చు ఫొటోల పెట్టె ఒకటి, నలుగురికీ చూపించగల ప్రదర్శన ఒకటి.

ఋతువుల వారీగా పల్లెను ఫొటో తీసేవాళ్లు సాధారణంగా వెలుతురు క్యాలెండర్ పట్టుకుంటారు. మంచు ఎప్పుడు పడుతుంది, ఆకాశం ఎర్రబారే సాయంత్రాలు ఏ నెలలో వస్తాయి, పైరు ఎప్పుడు పచ్చగా ఉంటుంది అని చూసుకుని ఏడాదిలో కొన్నిసార్లు వెళ్లి వస్తారు. ఫొటోలు అందంగానే వస్తాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూస్తే పొలం నాలుగు రంగుల్లో కనిపిస్తుంది. ఒక రంగులోంచి ఇంకో రంగులోకి దాన్ని తీసుకెళ్లిన చేతులు మాత్రం ఎక్కడా ఉండవు. పల్లెలో ఋతువు అంటే ముందు పని, తర్వాతే వాతావరణం అని నేను గట్టిగా నమ్ముతాను. వాన పడింది కాబట్టి దమ్ము చేస్తారు (నీళ్లు నిలిపి నేలను బురదగా కలియదున్నుతారు), దమ్ము చేశారు కాబట్టి పొలం అద్దంలా మారుతుంది. ఆ అద్దంలో మబ్బును ఫొటో తీసి దమ్ము చేసిన మనిషిని వదిలేస్తే కథలో సగం పోయినట్టే. అందుకే ఈ ప్రాజెక్టును పంట క్యాలెండర్ మీద కట్టాను. మంచి వెలుతురు, ముఖ్యమైన పని ఒకే గంటలో రావడం అరుదు. అలా కుదరనప్పుడు ఏం చేయాలన్నదే ఏడాది పొడవునా నన్ను నడిపిన ప్రశ్న.

కదలని చోటు ఒకటి

పని వెంట తిరిగే ఫొటోలకు ఒక లోపం ఉంటుంది. ప్రతిదీ వేరే కోణం, వేరే లెన్సు కావడంతో మారింది పొలమా, నా చూపా అన్నది చూసేవాళ్లకు తేలదు. దాన్ని సరిచేయడానికి ఒక స్థిరమైన చోటు కావాలి. ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే 1890 వేసవి చివరి నుంచి 1891 వసంతం దాకా తన ఇంటి దగ్గరి గడ్డివాములను పాతిక దాకా కాన్వాసుల మీద వేశాడు. వస్తువు మారకపోవడం వల్లే మంచు, ఎండ, పొద్దు వాలే వేళ కంటికి అంత స్పష్టంగా కనిపిస్తాయి. నా పద్ధతికి ఆధారం అదే.

రెండు గట్లు కలిసే మూల దగ్గర, ఎవరి నడకకూ అడ్డురాని చోట, నేలలోకి దిగిన రాయి ఒకటి ఉంది. ట్రైపాడ్ కాళ్లలో ఒకటి ఎప్పుడూ ఆ రాయి మీదే. 35 మి.మీ. లెన్సు, ఎఫ్/8, దిగ్మండలం ఫ్రేములో పైనుంచి మూడో వంతు దగ్గర, ఎడమ అంచున ఒక చెట్టు మొదలు. ఇవన్నీ ఒక చీటీ మీద రాసి, మొదటి ఫొటో చిన్న అచ్చు వెనక అంటించి బ్యాగులో ఉంచుకున్నాను. ప్రతిసారీ ఆ అచ్చును కెమెరా తెర పక్కన పట్టుకుని చెట్టు మొదలు, గట్టు వంపు సరిపోయేదాకా జరిపేవాణ్ణి.

ఇక్కడ ఆలోచించి తీసుకోవాల్సిన నిర్ణయాలు రెండు. మొదటిది కెమెరా ఎత్తు. ఖాళీ నేల ముందు నిలబడ్డప్పుడు మోకాలి ఎత్తులో పెట్టాలని మనసు లాగుతుంది, పగుళ్లు బాగా కనపడతాయి కాబట్టి. కానీ వరి పెరిగి దాదాపు మీటరు ఎత్తుకు వస్తుంది. అప్పుడు మోకాలి ఎత్తు కెమెరాకు ఆకుల గోడ తప్ప మరేమీ ఉండదు. ఫ్రేమును ఇవాళ ఉన్న పొలానికి కాకుండా ఎదిగిన పైరుకు తగ్గట్టు కట్టాలి. అందుకే కంటి ఎత్తుకు కొంచెం పైనే పెట్టాను. రెండోది వైట్ బ్యాలెన్స్. ఆటోలో ఉంచితే కెమెరా ప్రతి ఋతువునూ ఒకే రంగుకు దిద్దేస్తుంది. వానాకాలపు మబ్బు వెలుతురులోని నీలిమను వేడెక్కిస్తుంది, సూర్యోదయపు ఎరుపును చల్లబరుస్తుంది. నేను ఏడాదంతా 5500 కెల్విన్ (వెలుతురు రంగుకు కొలత; అంకె తగ్గితే ఎరుపు, పెరిగితే నీలం) దగ్గర ఆపేశాను. పొద్దు పొడిచే వేళ వెలుతురు సుమారు 3000 కెల్విన్ దగ్గర, దట్టమైన మబ్బు రోజున 6500 పైన ఉంటుంది. ఆ తేడా ఫొటోలో మిగలాలంటే కొలబద్ద కదలకూడదు.

సూర్యుడి సంగతి కూడా ముందే లెక్క వేసుకోవాలి. పొద్దు పొడిచే చోటు డిసెంబరు 21 ప్రాంతంలో దక్షిణం వైపు చివరకు, జూన్ 21 ప్రాంతంలో ఉత్తరం వైపు చివరకు జరుగుతుంది. భూమధ్యరేఖ దగ్గరే ఈ ఊగు 47 డిగ్రీల దాకా ఉంటుంది, ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ ఇంకా పెరుగుతుంది. చలికాలంలో గట్టు వెంట పొడుగాటి నీడ పరిచిన సూర్యుడు, వానాకాలానికి చెట్టు వెనక్కి వెళ్లిపోతాడు. సూర్యుడే ఫ్రేములోకి వచ్చే రోజులు ఏవో దిక్సూచితో ముందే చూసి పెట్టుకున్నాను.

మిగతా ఫొటోలకు జాబితా తయారుచేసింది నేను కాదు, ఆ ఇంటి పెద్దాయన. 1930ల అమెరికాలో వ్యవసాయ సంక్షోభాన్ని ఫొటోల్లో నమోదు చేసిన ప్రభుత్వ విభాగాన్ని నడిపిన రాయ్ స్ట్రైకర్, తన ఫొటోగ్రాఫర్లకు ఏమేం గమనించాలో వివరంగా రాసి పంపేవాడు. ఆ అలవాటు మంచిదే. అయితే జాబితా రాయాల్సింది ఆఫీసులో కూర్చున్నవాళ్లు కాదని నా అభిప్రాయం. నేను అడిగింది ఒకటే ప్రశ్న: "ఈ నెలలో ఆలస్యమైతే పంట పోయే పని ఏది?" ఆయన జవాబులు నా ఊహకు దూరంగా వచ్చాయి. "నాటు చూడ్డానికి అందరూ వస్తారు బాబూ. గట్లు చెక్కడం చూడు. ఎలక బొక్క ఒక్కటి వదిలితే రాత్రికి రాత్రి నీళ్లన్నీ పక్క మడికే." గట్టు చెక్కే పనిని అప్పటిదాకా నేను చూసిన ఏ పల్లె ఫొటోల ప్రదర్శనలోనూ చూడలేదు. నా జాబితాలో అది పైకెక్కింది.

దమ్ము, నాట్లు

వాన నిలదొక్కుకున్నాక పొలానికి నీళ్లు పెట్టి దమ్ము చేస్తారు. ట్రాక్టరుకు దమ్ము చక్రాలు వేసి, బురదను మెత్తటి పిండిలా అయ్యేదాకా తిప్పుతారు. వెనకే కొంగలు, బయటపడ్డ పురుగుల కోసం. చూడ్డానికి ఎంత సంబరంగా ఉంటుందో, ఫొటోలోకి ఎంత వెలుతురు రానివ్వాలనే ఎక్స్‌పోజర్‌కు అంత చిక్కు. నల్లటి తడి బురద, దాని మీద తెల్లటి పక్షి. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరు తాను చూసిన ప్రతిదాన్నీ నడిమి బూడిద రంగుకు తెస్తుంది, కాబట్టి బురద ఎక్కువగా ఉన్న ఫ్రేములో కొంగ తెల్లగా మాడిపోతుంది. మాన్యువల్‌లో కొంగ రెక్కలకు సరిపడా పెట్టి, దాదాపు ఒక స్టాపు (అంటే వెలుతురు సగానికి) తగ్గించి, బురదను నల్లగానే ఉండనిచ్చాను. బురద నల్లగా ఉంటేనే అది తడి బురద. కదిలే చక్రం నుంచి లేచే తుంపరను గాల్లో నిలపడానికి సెకనులో వెయ్యో వంతు షట్టరు వాడాను. తర్వాత ముప్పయ్యో వంతుకు దింపి, ట్రాక్టరుతో పాటు కెమెరాను తిప్పుతూ కొన్ని తీశాను. రెండో రకమే ఎంపికలో నిలిచింది, అందులో యంత్రం బరువు తెలుస్తుంది.

నాట్లు ఈ ప్రాజెక్టుకు గుండె లాంటివి, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను.

నాటు ఫొటోల్లో తొంభై పాళ్లు వీపుల ఫొటోలే. వంగి పనిచేసే మనుషుల్ని గట్టు మీద నిటారుగా నిలబడి తీస్తే ఇంకేం వస్తుంది? నాటేవాళ్లు వెనక్కి నడుస్తారు. నాటిన మొక్కలు వాళ్ల ముందు ఉంటాయి, నాటని నేల వెనక ఉంటుంది. కోసేవాళ్లు, కలుపు తీసేవాళ్లు ముందుకు నడుస్తారు. ఈ ఒక్క సంగతి తెలిస్తే ఎక్కడ నిలబడాలో తేలిపోతుంది. నాట్ల రోజున మొదటి వరస వేసిన గట్టు వైపు ఉండాలి. అప్పుడు వరస మొత్తం మనకు ఎదురుగా ఉండి మెల్లగా దూరం జరుగుతుంది. గట్టు మీద కూర్చుని, కెమెరాను నీటికి జానెడు ఎత్తులో పట్టుకుంటే వంగిన ముఖాలు కనిపిస్తాయి.

ముఖం నీడలో ఉంటుంది కదా అని ఫ్లాష్ తీయక్కర్లేదు. పొలమంతా నీళ్లే. పొద్దుటి ఎండ నీటి మీద పడి కిందినుంచి పైకి కొట్టి, వంగిన ముఖాల్ని మెత్తగా వెలిగిస్తుంది. స్టూడియోలో తెల్లటి అట్టతో చేసే పనిని మడి తనంతట తానే చేస్తుంది. అది కూడా ఎండ ఏటవాలుగా ఉన్నంతసేపే. పొద్దెక్కాక నీటి మెరుపు కళ్లలోకి కొడుతుంది, ముఖం మీదికి రాదు. తల మీద తెల్లటి గుడ్డ కట్టుకున్నవాళ్ల దగ్గర మీటరు ఆ తెలుపును చూసి ముఖాన్ని చీకటి చేస్తుంది. చామనఛాయ, నలుపు ముఖాలు ఉన్న చోట ఈ నష్టం ఇంకా ఎక్కువ. చిన్న చోటునే కొలిచే స్పాట్ మీటరు చెంప మీద పెట్టి, గుడ్డ కొంచెం తెల్లబారినా పర్వాలేదనుకుని ముఖానికే ఎక్స్‌పోజర్ ఇచ్చాను. ప్రదర్శనలో ఎవరి ముఖమూ మసిబొమ్మ కాకూడదన్నది నాకు సాంకేతిక విషయం కన్నా పెద్దది.

నీటిలో ఆకాశం కావాలా, నీటి కింద నేల కావాలా అన్నది లెన్సు ముందు తిప్పే పోలరైజర్ అనే ఫిల్టరు తేలుస్తుంది. నీటి మట్టానికి సుమారు 37 డిగ్రీల కోణంలో చూస్తే మెరుపు దాదాపు పూర్తిగా తొలగి, నారు మొదళ్లు, మట్టిలో వేళ్ల గుర్తులు కనిపిస్తాయి. తిప్పితే ఆకాశం తిరిగి వస్తుంది. ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు పోతుంది, కదిలే చేతుల్ని తీసేటప్పుడు అది చిన్న ఖర్చు కాదు. నాటే చేతిని దగ్గరగా తీసిన ఫొటోలకు మెరుపు తీసేశాను, విశాలమైన వాటికి ఉంచాను. విశాలమైన ఫొటోల్లో ఇంకో చిక్కు: నీటిలో కనిపించే ఆకాశం అసలు ఆకాశం కన్నా ఒకటి రెండు స్టాపులు చీకటిగా ఉంటుంది. సాఫ్ట్‌వేరులో రెండింటినీ సమానం చేస్తే కన్ను వెంటనే పట్టేస్తుంది. ప్రతిబింబం చీకటిగా ఉండడమే దాని సహజ స్వభావం.

ఈ అద్దం ఎక్కువ కాలం ఉండదు. నాటిన నెల తిరిగేసరికి పైరు కమ్ముకుని నీళ్లు చాలావరకు కనుమరుగవుతాయి. కోతకు వారం పది రోజుల ముందు ఎలాగూ నీళ్లు తీసేస్తారు. ప్రతిబింబాలు కావాలంటే అవకాశం ఆ కొద్ది వారాలే.

వానలో పరికరాల గురించి క్లుప్తంగా. చల్లటి గదిలోంచి తెచ్చిన కెమెరాను తేమ గాలిలో ఒక్కసారిగా తీస్తే లెన్సు మీద ఆవిరి కమ్ముతుంది. బ్యాగులోనే కాసేపు ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వాలి. బూజు లెన్సు లోపల చేరితే తేలిగ్గా పోదు, కాబట్టి గాలి చొరబడని డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ వేసి, తేమ 50 శాతం దాటకుండా చూసుకున్నాను.

ఆకు కొన మీద బొట్టు, తొమ్మిది గంటల పువ్వు

పైరు ఎదిగే రోజుల్లో తీయడానికేముందని చాలామంది ఈ నెలల్లో పొలం వైపు రారు. అంతా పచ్చగా, ఒకేలా ఉంటుందంటారు. దగ్గరికి వెళ్లి కూర్చుంటే ఏడాదిలో ఇంత సూక్ష్మమైన కాలం ఇంకోటి లేదనిపిస్తుంది.

తెల్లవారుజామున వరి ఆకు కొన మీద నిలిచే గుండ్రటి బొట్టును అందరూ మంచు బొట్టు అనుకుంటారు. ఆకంతా అలుముకున్న సన్నటి తడి మంచే. కొన మీది పెద్ద బొట్టు మాత్రం చాలావరకు మొక్క లోపలినుంచి వచ్చిన నీరు. రాత్రి ఆకులనుంచి నీరు ఆవిరి కావడం తగ్గిపోతుంది, వేళ్లు మాత్రం తడి నేలనుంచి తోడుతూనే ఉంటాయి, ఎక్కువైన నీరు ఆకు కొనల్లోని సన్నటి రంధ్రాలగుండా బయటికి వస్తుంది. ఇది తెలిశాక నా ఫొటో మారింది. అంతకుముందు బొట్టులో సూర్యుణ్ణి వెతికేవాణ్ణి. తర్వాత ఒకే ఎత్తులో వందల ఆకు కొనలు, ప్రతి కొన మీదా ఒక బొట్టు, వెనకనుంచి వెలుతురు వచ్చేలా తీశాను. నేలలో తడి ఎంత సమంగా ఉందో చెప్పే ఫొటో అది. పెద్దాయన దాన్ని చూసి, "ఈ మడిలో నీళ్లు బాగానే అందాయి" అన్నారు. ఫొటోను ఆయన చదివారు.

వరి పూత ఇంకా తొందరపాటు వ్యవహారం. వెన్ను (కంకి) బయటపడ్డాక పై గింజల నుంచి కిందికి, దాదాపు వారం పాటు పూస్తుంది. ఒక్కో పువ్వు తెరుచుకునేది పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం లోపు, అదీ గంటో రెండు గంటలో. చిన్న పొట్టు రెండుగా విచ్చుకుని ఆరు కేసరాలు బయటికి వేలాడతాయి. ఫొటోగ్రాఫర్లు పొద్దుటి బంగారు వెలుతురు అయిపోయిందని కెమెరా సర్దేసే వేళ అది. నేను చెప్పే పంట క్యాలెండర్‌కు ఇంతకన్నా మంచి సాక్ష్యం లేదు. సూర్యోదయానికి వచ్చి తొమ్మిదింటికి వెళ్లిపోయేవాళ్లకు వరి పూస్తుందన్న సంగతే తెలియకుండా పోతుంది. మ్యాక్రో లెన్సు, ఐదువందలో వంతు షట్టరు, ఎండను ఆపడానికి పల్చటి తెల్లగుడ్డ చాలు. వెన్నును క్లిప్పుతో కట్టి నిలపడం, ఊపడం చేయలేదు. పరాగం రాలే గంటలో మొక్కను ముట్టుకోకపోవడమే మంచిది.

చలికాలపు పొగమంచు ముందే చెప్పి వస్తుంది. ఆకాశం నిర్మలంగా ఉండి, గాలి దాదాపు ఆగిపోయి, నేల తడిగా ఉన్న రాత్రి అయితే తెల్లారేసరికి పొలం మీద మంచు పరుచుకునే అవకాశం ఎక్కువ. పొద్దు పొడిచాక గంటా రెండు గంటల్లో తేలిపోతుంది. మీటరు ఇక్కడ కూడా మోసం చేస్తుంది. మంచు తెల్లగా ఉండాలంటే ఒకటి నుంచి ఒకటిన్నర స్టాపు పెంచాలి. మంచులో నేను వెతికింది మాయ కాదు, మనిషి. నీళ్లు మళ్లించడానికి పార భుజాన వేసుకుని వచ్చేవాళ్లు ఆ వేళకే పొలంలో ఉంటారు.

మందు కొట్టే ఉదయం

ఈ ఒక్క ఫొటో గురించి విడిగా రాయాలి. వీపు మీద డబ్బా, చేతిలో గొట్టం, ఎదురు వెలుతురులో సన్నటి తుంపర. ఏ పోటీకి పంపినా నిలబడగల ఫొటో. ఆ మనిషి ముఖానికి మాస్కు లేదు, చేతులకు తొడుగులు లేవు. తుంపర అతని వైపే తిరుగుతోంది.

పురుగుమందు తుంపరను అందంగా చూపించడం తప్పా? దాన్ని తీయకపోవడం మాత్రం తప్పే అనుకుంటాను, ఎందుకంటే ఇది పంటలో భాగం, అతని ఒంటి మీద పడే భాగం. కానీ అందం ఒక్కటే మిగిలే ఫ్రేము ప్రదర్శనకు పనికిరాదని నిర్ణయించుకున్నాను. రెండో ఫొటోను దానికి జతచేశాను: పని అయ్యాక అతను కాలవ దగ్గర మోచేతుల దాకా కడుక్కుంటున్నది. రెండూ కలిపే వేలాడాలి, విడదీయకూడదన్నది ప్రదర్శన షరతుల్లో రాశాం. అతని అనుమతి రెండుసార్లు తీసుకున్నాను, తీసిన రోజున ఒకసారి, అచ్చు చేతిలో పెట్టి ఇంకోసారి. చేతిలో ఫొటో లేకుండా ఇచ్చే అనుమతికి బరువు తక్కువ. తీసేటప్పుడు నేను గాలికి ఎగువన, మాస్కుతో నిలబడ్డాను. ఈ పని చేసే ఎవరైనా అలాగే నిలబడాలి.

కోత

పైరు బంగారు రంగుకు తిరగడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, ఎవరు తీసినా బాగుంటుంది. కోత వేరు.

కొడవలితో కోసేవాళ్లు ముందుకు, నిలబడి ఉన్న పైరు వైపు కదులుతారు. ముఖాలు కావాలంటే పైరు వైపునుంచి చూడాలి, కానీ పైరులో అడుగు పెట్టడానికి వీల్లేదు. దానికి దారి అవతలి గట్టు, 70–200 మి.మీ. లెన్సు. వెన్నుల మీదుగా తలలు, భుజాలు, ఎత్తిన కొడవలి మాత్రమే కనిపిస్తాయి. పంటలో మనుషులు మునిగి ఉన్నట్టుండే ఆ ఫొటో కోతకు నాకు నచ్చిన ఫొటో. మధ్యాహ్నం వేడికి పొడుగు లెన్సులో గాలి అలలా కదిలి ఫొటో మెత్తబడుతుంది, కాబట్టి ఈ పని పొద్దుటే అయిపోవాలి.

కౌలు నేల మీదికి కోత యంత్రం వచ్చింది. యంత్రం దుమ్మును చూడగానే ఎదురు వెలుతురు వైపు పరిగెత్తాలనిపిస్తుంది, ఎందుకంటే ధూళి కణాలు వెలుతురును ఎక్కువగా ముందుకే చెదరగొడతాయి, సూర్యుడికి ఎదురుగా నిలబడ్డవాళ్లకే అది మెరుస్తుంది. కానీ ఆ దుమ్ములో నడిపేవాడికి మనిషి కనిపించడు. అతనితో ముందే మాట్లాడుకుని, నేను ఏ గట్టు దాటి రానో చెప్పి, అతను నన్ను చూసి చెయ్యి ఊపిన తర్వాతే మొదలుపెట్టాను.

సొంత పొలంలో కొంత ధాన్యం విత్తనానికి ఉంచుకోవడానికి చేత్తోనే నూర్చి, తూర్పారపట్టారు. తూర్పార ఫొటోకు కావాల్సింది వెనక చీకటి. ఆకాశం ముందు ఎగిరే పొట్టు కనపడదు, చెట్టు నీడ ముందు ప్రతి పొల్లు గింజా మెరుస్తుంది. గాలికి పక్కగా నిలబడితే లెన్సులోకి దుమ్ము రాదు, బరువైన గింజ నిలువుగా పడడం, తేలికైన పొట్టు గాలివాటుగా పోవడం రెండూ ఒకే ఫ్రేములో దొరుకుతాయి. కళ్లం చెట్టు నీడకు దూరంగా ఉంది. "అక్కడికి జరగమంటావా బాబూ?" అని ఆ ఇంటావిడే అడిగారు. వద్దన్నాను.

ఆ జవాబు వెనక ఒక పాత సంఘటన ఉంది. 1936లో స్ట్రైకర్ బృందంలోని ఆర్థర్ రోత్‌స్టీన్ దక్షిణ డకోటాలో కరవు నేల మీద ఎద్దు పుర్రెను కొంచెం దూరం జరిపి, వేర్వేరు చోట్ల పెట్టి ఫొటోలు తీశాడు. అది ఎన్నికల సంవత్సరం. పత్రికలు దాన్ని పట్టుకుని ప్రభుత్వ ఫొటోలన్నీ కల్పితమని ప్రచారం చేశాయి. కరవు నిజమే, పుర్రె నిజమే. అయినా జరిపిన కొద్దిపాటి దూరం వందల నిజమైన ఫొటోల మీద అనుమానం పడేలా చేసింది. మనిషి తన పని తాను చేసుకునే చోటే నేను జరగాలి. కళ్లం చుట్టూ తిరిగి, సాయంత్రానికి చెట్టు నీడ పొడుగై వెనక నేల మీదికి వచ్చేదాకా ఆగాను. ఆవిడ చేట ఎత్తిన ఆఖరి గంటలో ఫొటో దొరికింది.

కోతల మధ్యలో అకాల వాన వచ్చి ఒక మడి పైరు పడిపోయింది. పడిపోయిన వరి పైనుంచి చూస్తే సుడులు తిరిగి, విచిత్రమైన అందంతో ఉంటుంది. ఆ పొద్దున కెమెరా బ్యాగులోనే ఉంచి, నీళ్లు తీయడానికి గండి కొట్టే పనిలో చెయ్యి వేశాను. మధ్యాహ్నం పెద్దాయనే, "తీసుకో, ఇది కూడా పంటే" అన్నారు. మడిని తీశాను, తడిసిన వెన్నులో మొలకెత్తిన గింజను తీశాను. ఆయన ముఖాన్ని ఆ రోజు తీయలేదు.

తర్వాత వేసవి. ఎండ నడినెత్తిన నిలిచే కాలం, నీడలు కాళ్ల కిందికి ముడుచుకుంటాయి. పొద్దుటే ఎరువు తోలడం, గట్లు సరిచేయడం, విత్తనం ఎండబెట్టడం. ఇంటి అరుగు మీద జరిగే విత్తన ఎంపికకు మధ్యాహ్నమే మంచిది, ఎండ వాకిలి నేల మీద పడి లోపలికి తిరిగి చెదురుతుంది. పొలంలో కనపడని ఆడవాళ్ల పని ఎక్కువగా ఇక్కడే దొరికింది.

ఎంపిక

ఏడాది చివర వేల ఫొటోల నుంచి ప్రదర్శనకు నలభై లోపు తేల్చాలి. నా ఎంపికను చిన్న అచ్చులుగా తీసి ఆ ఇంటి నేల మీద పరిచాను. కూలికి వచ్చేవాళ్లలో వీలైనవాళ్లు కూడా వచ్చారు. వాళ్లు ఫొటోలు చూసిన తీరు ఈ ప్రాజెక్టులో నేను నేర్చుకున్నవాటిలో ముఖ్యమైనది.

నీడబొమ్మల్ని ముందు తీసేశారు. ఎర్రటి ఆకాశం ముందు నల్లగా, మోపు మోసుకుపోతున్న మనిషి. "ఇందులో ఎవరో తెలీట్లేదు కదయ్యా" అని ఒకావిడ పక్కన పెట్టింది. నాలుగు నీడబొమ్మల్లో ఒకటే మిగిలింది, అదీ నడక చూసి ఎవరో అందరూ గుర్తుపట్టింది. పచ్చటి పైరు మీద పొద్దుటి వెలుతురు పడ్డ ఫొటోలో పెద్దాయనకు కలుపు కనిపించింది. తీసేయమనలేదు, పక్కన గట్టు చెక్కే ఫొటో ఉండాలన్నారు. పనలు పరిచిన ఒక ఫొటో అచ్చులో అడ్డం తిరగేసి వచ్చిందని, వెన్నులు ఉండాల్సిన దిక్కున లేవని ఒకతను చెప్పాడు. స్కాన్ చేసిన ఫిల్ము ఫొటో అది, చూస్తే నిజమే. కదలని చోటునుంచి తీసిన వరసలో నాకు నచ్చింది మంచు ఉన్నది. వాళ్లందరికీ నచ్చింది, నీళ్లు మొదటిసారి పారి పొలం సగం తడిగా, సగం పొడిగా ఉన్న మబ్బు రోజుది. వెలుతురు పరంగా అందులో ఏమీ లేదు. ప్రదర్శనలో గోడ మధ్యన అదే ఉంది.

క్యాప్షన్లకు తీసుకున్న శ్రద్ధ కెమెరాకు తీసుకున్నదానికి తక్కువ కాదు. పొలంలో ఉన్న ప్రతి ఒక్కరినీ 'రైతు' అనేయడం తేలిక. నేల ఎవరిది, కౌలు ఎవరు చేస్తున్నారు, కూలి ఎవరిది అన్నది ఆ ఒక్క మాటలో మాయమవుతుంది. ప్రతి ఫొటోకు పని పేరు, పంట దశ, మడి, మనిషి చెప్పుకున్న పేరు, అనుమతి హద్దు రాశాను. స్ట్రైకర్ బృందంలోనే పనిచేసిన డొరోథియా లాంగ్ 1936 మార్చిలో బఠాణీ కోత కూలీల శిబిరంలో తీసిన తల్లి ఫొటో ప్రపంచమంతా తిరిగింది. ఆ తల్లి పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలిసింది 1978లో. లాంగ్ ఇతర చోట్ల మనుషుల మాటలను ఎంతో శ్రద్ధగా రాసుకునేది, ఆ రోజు పేరు అడగలేదు. నలభై రెండేళ్ల ఆలస్యం అది.

ఈ వివరాలన్నీ ఫొటో ఫైలు మెటాడేటాలోనే (ఫైలు లోపలే ఉండే సమాచారంలో) ఉన్నాయి, తెలుగులో. ఫైలు ఎటు వెళ్లినా పేరు దానితోనే వెళుతుంది. కెమెరా ఇచ్చిన అసలు (రా) ఫైళ్ల ప్రతులు మూడు, రెండు రకాల మాధ్యమాల్లో, ఒకటి వేరే ఊళ్లో. అచ్చుల పెట్టె ఆ ఇంట్లో ఉంది, ప్రతి అచ్చు వెనక క్యాప్షన్ పెన్సిలుతో రాసి ఉంది, కూలికి వచ్చినవాళ్లకు వాళ్ల ఫొటోలు విడిగా ఇచ్చాం. పడిపోయిన మడి ఫొటోలు, పిల్లలు ఉన్న ఫొటోలు ఇంటర్నెట్‌లో పెట్టకూడదని కుటుంబం కోరింది. అవి గోడ మీద మాత్రమే చూపిస్తున్నాం. వచ్చే పంటకు కౌలు నేల మినుముకు మారుతోంది. రాయి దగ్గర ట్రైపాడ్ ఎత్తు, లెన్సు, కోణం రాసిన చీటీ ప్రతి ఒకటి ఆ ఇంటి పెద్దమ్మాయికి ఇచ్చాను. ఈ నెల నుంచి ఆ వరసను తనే తీస్తోంది.